ఎండ వర్తించని వారు

గవ్వలదిబ్బ బీచ్‌లో ఒక డైరెక్టర్ గారి ముక్కు తోలు ఊడింది. ఈ కథకు అంతకు మించి కారణం లేదు.

ఆయన తీర వినోద ప్రాధికార సంస్థకు డైరెక్టర్. పోయిన వేసవిలో తనిఖీకని వచ్చి, సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగుతూ రెండు గంటలు ఎండలో నిలబడ్డారట. మామూలు మనిషి అయితే ఇంటికి పోయి ముక్కుకు కొబ్బరినూనె రాసుకునేవాడు. డైరెక్టర్ గారు కాబట్టి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ ఎనిమిది నెలలపాటు ఏసీ గదుల్లో కూర్చుని ఎండ గురించి ఆలోచించింది. చివరికి ‘చర్మరక్ష’ అనే పథకం, దాంతోపాటు ముప్ఫై ఒక్క పేజీల ఉత్తర్వు బయటికొచ్చాయి. దాని సారాంశం ఒక్కటే. సన్‌స్క్రీన్ పూసుకోకుండా గవ్వలదిబ్బ ఇసుకలో పర్యాటకులెవరూ కాలు పెట్టరాదు.

నన్నడిగితే మంచి ఉత్తర్వే. నా పేరు ఓబులేసు. ఆదోనిలో భూమి కొలతల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క కాగితం కూడా వరస తప్పి పంపినవాణ్ని కాదు. రూలు కనబడితే నాకు ప్రాణం లేచొస్తుంది. మా ఇంట్లో ఫ్రిజ్ మీద కూడా ఏ అరలో ఏది పెట్టాలో రాసి అంటించాను. దాన్ని ఇంతవరకు ఎవరూ చదవలేదు, అది వేరే సంగతి.

సముద్రానికి పోవాలన్నది మాత్రం నా ఆలోచన కాదు, మా అత్త మద్దిలేటమ్మది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఆరేళ్లుగా మాతోనే ఉంటోంది. అంతకుముందు బుడ్డల చేలో, అంటే వేరుశనగ చేలో, యాభై ఏళ్లు కలుపు తీసింది. వాళ్ల ఊళ్లో బిందెడు నీళ్లకు మైలు నడవాలి. ఆ లెక్కన బతికిన మనిషి కాబట్టి మా ఇంట్లో కూడా బియ్యం కడిగిన నీళ్లు చెట్టుకు, చెట్టుకు ఎక్కువైన నీళ్లు గడప కడగడానికి. నేను పళ్లు తోముకుంటూ కుళాయి వదిలేస్తే వెనక నుంచి చెయ్యి వచ్చి కట్టేస్తుంది.

ఒకరోజు నా దగ్గరికి వచ్చి, “నాయనా, సముద్రం కాడ నీళ్లు ఎవురూ కొలసరంట గదా?” అని అడిగింది.

“లేదత్తా. దానికింకా శాఖ పెట్టలేదు” అన్నాను.

“అయితే నన్ను ఒకపారి ఆడికి తీస్కపో. ఒక చెంబెడు నీళ్లు వూరికే పారబోయల్ల. ఎవురూ ఏమీ అనకుండా.”

నీళ్లు పారబోయడానికి ఐదు వందల కిలోమీటర్లు పోదామంటే నాకు మొదట నవ్వొచ్చింది. ఆ రాత్రి అన్నం తింటుంటే ఆ మాటే గుర్తొచ్చింది. పొద్దున్నే లీవు పెట్టాను.

పక్కింటి ఈరమ్మ ఇంకో పని కూడా అప్పజెప్పింది. సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటాయంటే ఆమె నమ్మదు. “అన్ని నీళ్లల్లో ఎవురేసింటారే ఉప్పు?” అంటుంది. చెంబులో కాసిని పట్టుకొస్తే తానే రుచి చూసి తేలుస్తానంది. మా అత్త తన కంచు చెంబు చింతపండుతో తోమి సంచిలో పెట్టుకుంది.

బయల్దేరేముందు నేను ఉత్తర్వు ప్రతి తెప్పించుకుని మూడుసార్లు చదివాను. ఏడో పేజీలో అర్హతల పట్టిక ఉంది. సన్‌స్క్రీన్ డబ్బా మీద ఎస్.పి.ఎఫ్. అని ఒక అంకె వేస్తారు కదా, ఎండను ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పేది, దాన్ని హోదా వారీగా పంచేశారు. గెజిటెడ్ అధికారులకు యాభై, నాన్-గెజిటెడ్ ఉద్యోగులకు ముప్ఫై, నాలుగో తరగతి వారికి పదిహేను.

“ఎండకు మన హోదా ఎట్ల తెలుస్తుంది?” అంది మా ఆవిడ రేణుక.

“తెలియకనే కదా పట్టిక వేసింది” అన్నాను.

మందుల షాపులో నేను ముప్ఫై అడిగితే ఆ కుర్రాడు యాభై ఇవ్వబోయాడు. “ముప్ఫై గానీ ఆ పైన గానీ ఏదైనా మంచిదేనన్నా. రెండు రకాల కిరణాలూ ఆపాల, నీళ్లకు తొందరగా పోగూడదు, బయటికి పోయే ముందు పూసుకోవాల, రెండు గంటలకొకసారి మళ్లీ పూసుకోవాల. అంతే సంగతి. ఇది పాపకూ పనికొస్తుంది, యాభై తీస్కపో” అన్నాడు.

“నాకు యాభైకి అర్హత లేదప్పా. ప్రమోషన్‌కు ఇంకా నాలుగేళ్లుంది” అని చెప్పాను.

అతను నన్ను తేరిపార చూసి పక్క కస్టమర్ దగ్గరికి వెళ్లిపోయాడు. ముప్ఫై కోసం ఊళ్లో నాలుగు షాపులు తిరిగాను. ఆఖరికి ఒకచోట తెల్లబడే క్రీముల వెనక దుమ్ముపట్టి దొరికింది.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు నలుగురం గవ్వలదిబ్బ చేరాం. నేను, రేణుక, తొమ్మిదేళ్ల మా పాప హిమజ, మా అత్త. సాయంత్రం ఐదింటికి తిరుగు బస్సు, ఏడింటికి రైలు. అంటే సముద్రానికి ఎనిమిదిన్నర గంటలు చేతిలో ఉన్నాయి. ధారాళంగా సరిపోతాయనుకున్నాను.

బీచ్ చుట్టూ ఎత్తైన ప్రహరీ కట్టేశారు. సముద్రం వినబడుతోంది గానీ కనబడదు. ముందు ఒక పొడుగాటి రేకుల షెడ్డు, దాని చివర ఇసుకలోకి ఒక గేటు. షెడ్డు మొదట్లో చర్మరక్షణాధికారి వజ్రపాణి గారు కూర్చున్నారు. ఆయన ముఖానికి సున్నం కొట్టినంత మందంగా పూత ఉంది. మాట్లాడినప్పుడల్లా నోటి చుట్టూ అది పగుళ్లిచ్చేది.

“పర్యాటక మహాశయులకు స్వాగతం. ఎంపిక, కొలత, పూత, ఆరుదల, తనిఖీ అను ఐదు దశలను క్రమశిక్షణతో దాటి సముద్ర దర్శన భాగ్యాన్ని పొందవలసిందిగా సంస్థ ఆకాంక్షిస్తున్నది” అన్నారు గుక్కతిప్పుకోకుండా.

నా గుర్తింపు కార్డు, ముప్ఫై అంకె ఉన్న ట్యూబు చూపించాను. ఆయన సంతృప్తిగా తలాడించారు. తర్వాత మా అత్త వైపు పెన్నుతో చూపించారు.

“ఈమె ఎవరు?”

“మా అత్తగారు సార్.”

“కుటుంబము అనగా భర్త, భార్య, అవివాహిత సంతానం, ఉద్యోగిపై ఆధారపడిన తల్లిదండ్రులు. అత్తగారు అను పదం ఉత్తర్వులో ప్రస్తావించబడలేదు.”

“మా ఇంట్లోనే ఉంటుంది సార్, ఆరేళ్ల నుంచి.”

“ఇంట్లో ఉండుట వేరు. కుటుంబంలో ఉండుట వేరు.”

మా అత్త మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఉత్తర్వు వైపు చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, మూడో పేజీలోనే ఉంది.

“అయితే ఈమెను ఏ పద్దు కింద వేస్తారు సార్?” అని అడిగాను.

“ఇతరులు. ఇతరులకు చర్మ వర్గ నిర్ధారణ జరగాలి” అంటూ ఆయన సొరుగులోంచి ఒక అట్ట తీశారు. అది గోడల రంగులమ్మే షాపులో ఇచ్చే అట్ట. వరసగా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక రంగు. మీగడ, గంధం, గోధుమ, లేత ఇటుక. దాన్ని మా అత్త మోచేతికి ఆనించి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరిపారు. ఏ గడితోనూ కలవలేదు.

“ఈ చర్మము అట్టలో లేదు. లేని చర్మానికి పూత సిఫార్సు చేయజాలము. పై అధికారులకు రాస్తాను. ఆరు వారాలు పట్టవచ్చు.”

“అది నా రంగు గాదు నాయనా, ఎండది. యాభై ఏండ్లు పూసిందిలే” అంది మా అత్త తాపీగా.

మా ఆవిడకు కోపం వచ్చింది. కోపమొస్తే ఆమె ముందు ముక్కుతో గాలి గట్టిగా వదులుతుంది. నేను ఇద్దరికీ సర్దిచెప్పాను. ముందు మన ముగ్గురి పని కానిచ్చుకుందాం, లోపలికి పోయాక వజ్రపాణి గారి మనసు కరగవచ్చు అన్నాను. మా అత్త చెంబు ఒళ్లో పెట్టుకుని షెడ్డు అరుగు మీద కూర్చుంది.

కొలత దగ్గర నాకు నిజంగా ముచ్చటేసింది. ముఖానికి, మెడకు ఎంత పూయాలి? రెండు వేళ్ల పొడవు అని లోకంలో అందరూ చెబుతారు. కానీ ఎవరి వేళ్లు? ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు, కమిటీకి తట్టింది. వాళ్లు డైరెక్టర్ గారి చూపుడు వేలు, నడిమి వేలు అచ్చు తీయించి ఇత్తడిలో పోత పోయించారు. ఆ రెండు ఇత్తడి వేళ్లు బల్లకు గొలుసుతో కట్టి ఉన్నాయి. భూమి కొలిచే శాఖలో పనిచేసేవాణ్ని, నాకు దాని విలువ తెలుసు. మనసులోనే దండం పెట్టాను.

డైరెక్టర్ గారు భారీ మనిషి కాబోలు, ఒక్కో వేలు దొండకాయకు రెండింతలుంది. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరికీ అదే కొలత. హిమజ ముఖం ఎంత, ఆ వేళ్లెంత. పూత అయ్యేసరికి పాప కళ్లు, రెండు జడలు మాత్రమే మిగిలాయి. నా మీసం ఆనవాలు లేకుండా పోయింది.

తర్వాత ఆరుదల హాలు. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఫ్యాన్లు ఉన్నాయి గానీ వేయరు, గాలికి ఆరిన పూత సహజంగా ఆరిన పూత కాదని పదమూడో పేజీ. లోపల ఓ నూటయాభై మంది ఉంటారు, అందరూ ఒకే తెలుపు. మా ఆవిడ కాసేపు ఇంకెవరో పెద్దమనిషిని పట్టుకుని, అసలు ఈ బీచ్ ఎవరు చూసి ఎంపిక చేశారని నిలదీసింది. ఆయన కూడా అలవాటు కొద్దీ తలవంచుకుని విన్నాడు. తెనాలి నుంచి వచ్చిన కొత్త దంపతులు ఒకరి చెయ్యి ఒకరు వదలడం లేదు. ప్రేమ అనుకున్నాను. వదిలితే మళ్లీ పోల్చుకోలేమని భయమట.

“ఎప్పుడొచ్చారు బాబూ?” అని అడిగాను.

“నిన్న పొద్దునండీ. ఇది ఆరో పూత” అన్నాడతను.

అదెలాగో నాకు పదకొండుంపావుకి అర్థమైంది. ఒక పూతకు గడువు రెండు గంటలు. తనిఖీ చేసేది ఒక్కరే, అదీ వజ్రపాణి గారే, ఎంపిక బల్ల నుంచి లేచి వచ్చి చెయ్యాలి. వరసలో మా వంతు రావడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఆయన పూత టైము వేసిన మా చీటీ చూసి, గడియారం చూసి, “మీ పూత పది నిమిషాల క్రితం కాలం చేసింది. తిరిగి కొలత వద్దకు దయచేయండి” అన్నారు.

రెండో పూత పన్నెండుకి పడింది. ఒంటిగంట నుంచి రెండు దాకా భోజన విరామం. విరామంలో తనిఖీ ఆగుతుంది, పూత గడువు మాత్రం నడుస్తుంది, ఆ సంగతి బోర్డు మీద స్పష్టంగా రాసి ఉంది. రెండింటికి మూడో పూత పూశారు. ఇప్పుడింక మా ముఖాలు నవ్వితే నొప్పి పుట్టే స్థితికి వచ్చాయి. హిమజ నవ్వడం ఎప్పుడో మానేసింది.

“నాన్నా, సముద్రం లోపల ఉందా, లేకపోతే టేపు వేసినారా?” అని అడిగింది.

నేను గడియారం చూశాను. బస్సుకు మూడు గంటలుంది. ఇంకోసారి వరస తిరిగితే నాలుగుంపావు, మా అత్త పద్దు ఇంకా తేలనే లేదు. ఆమె పొద్దున్నుంచీ అరుగు మీదే కూర్చుని, సముద్రం మోత వచ్చే వైపు చెవి పెట్టి వింటోంది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, చేతిలో ఉన్న ఉత్తర్వు బరువుగా అనిపించింది.

అరుగు దగ్గర మా అత్తకు ఒక స్నేహం కుదిరింది. పోలమ్మ అని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలమ్మే ఆమె. నలభై ఏళ్లుంటాయి. నెత్తిన బుట్టతో పొద్దున్నుంచీ గేటులోంచి లోపలికి, బయటికి తిరుగుతూనే ఉంది. ముఖాన ఒక్క చుక్క పూత లేదు.

“నిన్ను ఆపరాయేమే?” అని అడిగింది మా అత్త.

“మమ్మల్నెందుకు ఆపుతారు పెద్దమ్మా? మేం పర్యాటకులం కాదంట. మాకు ఎండ లేదంట వాళ్ల కాయితంలో. లోపల కొనేవోళ్లే లేరు, అందరూ ఈ షెడ్డులోనే కూకున్నారు గదా. ఒడ్డున పడవ నీడకి పోయి కాసేపు కూర్చొని వస్తన్నా, అంతే” అంది పోలమ్మ.

నేను నమ్మలేక ఉత్తర్వు తిరగేశాను. పంతొమ్మిదో పేజీ, నాలుగో పేరా. ‘జీవనోపాధి నిమిత్తము ఎండలో ఉండు వారికి ఎండ వర్తించదు.’ మూడుసార్లు చదివినవాణ్ని, మూడుసార్లూ ఈ పేరా మీదుగా దాటిపోయాను. పోయి వజ్రపాణి గారినే అడిగాను.

“అవును. పర్యాటకుల చర్మము సంస్థ బాధ్యత. అమ్మకందార్ల చర్మము వారి సొంత విషయం. సంస్థ ఇతరుల సొంత విషయాలలో జోక్యం చేసుకోదు” అన్నారు.

తిరిగొచ్చి ఆ మాట చెప్పేసరికి మా అత్త అప్పటికే లేచి నిలబడింది. “పోలమ్మా, ఆ బుట్ట ఇట్లియ్యి. నేనూ బుడ్డలే పండించినా, అమ్మింది ల్యాకపాయె గానీ” అంది. చీర కొంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, బుట్ట ఎత్తుకుంది. చెంబు చంకలో పెట్టుకుంది. చెయ్యి పట్టుకోకుండా బుట్ట నిలిపి నడిచే ఆ నడక నేను ఎప్పుడూ చూడలేదు. మా ఇంట్లో ఆమె నెత్తిన ఏమీ ఉండదు కదా.

గేటు దగ్గర కాపలాదారు ఒకసారి చూసి తలుపు తీశాడు. ఆమె వెనకే మేం ముగ్గురం నడిచాం. అతను కర్ర అడ్డం పెట్టాడు.

“మీరు పర్యాటకులు. ముద్ర పడిన చీటీ చూపించండి.”

“మేం కూడా ఆమెతోనే. పొట్లాలు కట్టేవాళ్లం” అంది రేణుక.

“ముఖాన అంత పూత పెట్టుకుని పని చేసుకునేవోళ్లు ఎవరుంటారమ్మా?” అన్నాడు. నిజమే. ఆరు గంటలపాటు లోపలికి పోవడానికి పూయించుకున్న పూతే ఇప్పుడు మమ్మల్ని బయట నిలబెట్టింది.

మా అత్త అప్పటికి ఇసుకలోకి ఏడెనిమిది అడుగులు వేసింది. ఒక్క దిబ్బ దాటితే సముద్రం. వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. నేను చేత్తో సైగ చేశాను, నువ్వు పో అత్తా, చూసిరా అని. ఆమె తల దించుకుంది. దిబ్బ అవతలికి చూపు పోకుండా కాలివేళ్లు చూసుకుంటూ వెనక్కి నడిచి వచ్చింది.

“పాప ల్యాకుండా నేనొక్కదాన్ని సూడను” అంది.

బుట్ట దింపి, కొంగు తీసి హిమజ ముఖం తుడవడం మొదలుపెట్టింది. మొదట ముక్కు బయటపడింది, తర్వాత బుగ్గలు, తర్వాత పొద్దున్నుంచీ కనబడని పాప నవ్వు. తర్వాత కూతురి ముఖం తుడిచింది. అయిపోయాక నా ముందుకొచ్చి ఆగింది.

పెళ్లయిన పదకొండేళ్లలో మా అత్త నా చెయ్యి కూడా తాకలేదు. అల్లుడితో ఆ మర్యాద ఆ తరంలో అట్లాగే ఉంటుంది. అన్నం కూడా కూతురి చేత వడ్డింపించి, తాను తలుపు పక్కన నిలబడుతుంది. ఇప్పుడు సంచిలోంచి తువ్వాలు తీసి నాకు అందించి, ముఖం పక్కకు తిప్పుకుంది.

“తుడుచుకో నాయనా. నువ్వు రూలు తప్పవు, నాకు తెల్సు. కానీ నువ్వు తీస్కొస్తేనే గదా నేను ఇంత దూరం వచ్చినాను. నువ్వు ల్యాకుండా ఎట్ల పోతాను?”

మూడు పూతలు, ఆరు ఇత్తడి వేళ్లు, ఇరవై రెండేళ్ల సర్వీసు. తువ్వాలు ముఖానికి అద్దుకుని గట్టిగా తుడిచాను. మీసం చేతికి తగిలితే సంతోషమేసింది.

అత్త మళ్లీ బుట్ట నెత్తికెత్తుకుంది. రెండోసారి గేటు దగ్గరికి వెళ్లాం. కాపలాదారు మమ్మల్ని గుర్తుపట్టనే లేదు. అంతకుముందు మా ముఖాలు చూసి ఉంటే కదా.

“నువ్వేం పని చేస్తావు?” అని నన్నడిగాడు.

అబద్ధం నాకు నోట రాదు. చేతిలో ముప్ఫై ఒక్క పేజీలు ఉన్నాయి. మొదటి పేజీ చింపి, గరాటులా చుట్టి, అడుగు మడిచి పోలమ్మ బుట్టలోంచి గుప్పెడు కాయలు పోసి అతని చేతికిచ్చాను. “పొట్లాలు కడతాను” అన్నాను. కర్ర పక్కకు జరిగింది.

దిబ్బ ఎక్కాం.

మా అత్త బుట్ట దించుకోవడం మరిచిపోయి అలాగే నిలబడిపోయింది. సముద్రం ఎడమ చివర నుంచి కుడి చివర దాకా మెల్లగా తల తిప్పి చూసింది, మళ్లీ కుడి నుంచి ఎడమకు చూసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, పూత కళ్లలో పడిందని మా ఆవిడతో చెప్పాను. ఆమె ఒప్పుకున్నట్టే ఉంది.

“మా ఊరికి రావల్సిన నీళ్లన్నీ ఈడ దాచిపెట్టినారు” అంది చివరికి.

వెంట వచ్చిన పోలమ్మకు బుట్ట ఇచ్చి, మోకాలి లోతులోకి దిగి చెంబు ముంచింది. నిండా ఎత్తింది. పాత అలవాటు, పోయబోయే ముందు ఏ చెట్టుకు పోద్దామా అని చుట్టూ చూసింది. ఏమీ లేదు. చెయ్యి వంచి పారబోసింది. ఎవరైనా ఏమన్నా అంటారేమోనని నా వైపు తిరిగింది. నేను ఏమీ అనలేదు. మళ్లీ ముంచింది, ఈసారి నెత్తి మీద పోసుకుంది. తర్వాత హిమజ మీద, తర్వాత మా ఆవిడ మీద, తర్వాత ఉత్తగా గాలిలోకి. పోస్తూ పోస్తూ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వులో మా పాప కన్నా చిన్నపిల్లలా ఉంది. ఎన్ని చెంబులు పోసిందో నేను లెక్కపెట్టలేదు, కొలతల ఆఫీసువాణ్ని అయ్యుండి కూడా.

ఈలోపు గేటు దగ్గర మైకు మోగింది. “పూత లేని వ్యక్తులకు హెచ్చరిక. మీ చర్మములకు సంస్థ బాధ్యత వహించదు. తక్షణమే వెనుకకు రాగలరు.” వజ్రపాణి గారు ఇసుక మొదట్లో నిలబడి ఉన్నారు. ఒక్క అడుగు ముందుకు వేయడం లేదు. ఆయన పూత గడువు రెండున్నరకే తీరిపోయింది, ఆయన్ని తనిఖీ చేయడానికి ఆయన తప్ప ఇంకెవరూ లేరు.

“పాపం, ఆ నాయన ముఖం సూడు. ఒక పొట్లం ఇచ్చిరా పాపా” అంది మా అత్త.

నేను ఇంకో పేజీ చింపి కట్టిచ్చిన పొట్లాన్ని హిమజ పరుగెత్తి ఇచ్చింది. ఆయన పొట్లం తీసుకుని ముందు కాగితం చదివారు. పంతొమ్మిదో పేజీ. కాయలు జేబులో పోసుకుని, కాగితం మడతలు సరిచేసి ఫైలులో పెట్టుకున్నారు. తర్వాత అక్కడే నిలబడి ఒక్కో కాయ వలుచుకుని తింటూ సముద్రాన్ని చూశారు. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారట, పోలమ్మ చెప్పింది.

ఆయన మైకు దించేసరికి షెడ్డులో వాళ్లకు ధైర్యమొచ్చింది. ముఖాలు తుడుచుకుని, బుట్టతో షెడ్డులోకి వచ్చిన పోలమ్మ దగ్గర కాయలు కొనడం, గేటు దగ్గర అమ్మకందార్లమని చెప్పడం. బుట్ట ఖాళీ కావచ్చేసరికి మనిషికి నాలుగు కాయలే దక్కాయి, ఆ తర్వాత రెండు. తెనాలి దంపతులు ఇద్దరికీ కలిపి ఒక్క కాయ అరచేతిలో పెట్టుకుని వచ్చారు. మూడున్నరకల్లా గవ్వలదిబ్బ ఇసుకలో నూటయాభై మంది వేరుశనగ వ్యాపారులు ఈత కొడుతున్నారు. కొనేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మా అత్త ఐదు నిమిషాలకోసారి హిమజను పిలిచి పోలమ్మ చెప్పిన పడవ నీడలో కూర్చోబెట్టింది, తడి కొంగు పాప తల మీద కప్పింది. రేణుక సంచిలోంచి ట్యూబు తీసి పాపకు మామూలు వేళ్లతో మామూలుగా పూసింది. నన్ను కూడా రమ్మన్నారు. నేను వినలేదు. ఇరవై రెండేళ్ల తర్వాత రూలు తప్పినవాడికి అంత తొందరగా నీడ పట్టదు. ఐదింటి బస్సు దాకా నీళ్లలోనే ఉన్నాను.

మూడో రోజుకు నా ముక్కు తోలు ఊడింది. ఆఫీసులో అందరూ వచ్చి చూసి వెళ్లారు. ఇది డైరెక్టర్ స్థాయి ముక్కు అని సూపరింటెండెంట్ గారు మెచ్చుకున్నారు. మందుల షాపు కుర్రాడు మాత్రం, “చెప్తే వింటివా అన్నా” అన్నాడు. ఈసారి యాభై తీసుకున్నాను.

పక్షం రోజులకు గవ్వలదిబ్బ నుంచి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. మా ఇంటి అరుగు మీద కూర్చుని చదివాను. ‘తమరు ఫలానా శనివారము మూడు పూతలు పూయించుకుని, ఒక్కసారి కూడా ఇసుకలో అడుగిడక, చర్మమును సంపూర్ణముగా కాపాడుకొనుటలో ఆదర్శముగా నిలిచినారు. ఆ దినమున బీచ్ నందు పర్యాటకుల సంఖ్య సున్న. ఎండదెబ్బలు సున్న. పథకము నూరు శాతము విజయవంతమైనది.’

“ఏం రాసినారు నాయనా?” అని అడిగింది మా అత్త తలుపు పక్క నుంచి.

“మనం అసలు సముద్రం కాడికే పోలేదంట అత్తా.”

ఆమె లోపలికి పోయి చెంబు తెచ్చింది. ఈరమ్మ కోసం పట్టుకొచ్చిన నీళ్లు, ఈరమ్మ కూతురి ఊరికి పోయి రావడం ఆలస్యమై, అటక మీదే ఎండిపోయాయి. అడుగున తెల్లగా ఒక పొర మిగిలింది. అప్పుడే ఈరమ్మ కూడా గోడ దగ్గరికి వచ్చింది. చెంబులో వేలు పెట్టి గీరి, నాలుకకు రాసుకుని కాసేపు కళ్లు మూసుకుంది.

“ఉప్పేనే మద్దిలేటమ్మా” అంది.

మా అత్త నా వైపు తిరిగి, “ఆ మాట ఒకటి రాసి పంపు నాయనా వాళ్లకు” అంది.